పెరుగు మేడం

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో మనిషి చావుకు దక్కేది మూడు ముక్కలు. "ఫిజిక్స్ మేడం గారు నిన్న పరమపదించారు. ఓం శాంతి. ఎల్లుండి సెమినార్ హాల్లో సంతాప సభ, స్టాఫ్ అందరూ విధిగా హాజరు కావాలి, అటెండెన్స్ తీసుకోబడును." ఆమె ప్రతి ఆదివారం శామీర్‌పేటలో చర్చికి వెళ్లే మనిషి. అయినా మా ఆఫీసు వాళ్ల దగ్గర ఉన్నది ఆ ఒక్క ఓం శాంతే, అందరికీ అదే. కింద దండాలు పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చాయి. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో, ఇంటర్నల్ మార్కులు ఇంకా ఎక్కించని వాళ్ల పేర్లు పెట్టారు. వాటిలో ఆమె పేరు కూడా ఉంది.

సంతాప సభల్లో అందరూ మంచివాళ్లే అవుతారు. అందుకని ముందే చెబుతున్నాను, ఆమె మంచి మనిషని నేను అనను. ముక్కోపి. ఎవరి పెళ్లికీ వచ్చేది కాదు. ఎదుటివాడు మాట పూర్తి చేయకముందే "అది తప్పు" అనేది. నేను చేరిన కొత్తలో నన్ను నిలబెట్టి, నా సబ్జెక్టులోనే ప్రశ్న వేసి, జవాబు చెప్పాక "ఊ, పర్వాలే" అని వెళ్లిపోయింది. ఆ పర్వాలేదు అన్నది ఆమె నోటి నుంచి వచ్చే అతి పెద్ద మెచ్చుకోలని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

పిల్లలు ఆమెను పెరుగు మేడం అనేవారు. కండ్లకోయలో హైవే పక్కన, ముందంతా అద్దాలు తొడిగిన ఇంజినీరింగ్ కాలేజీ మాది. ఆమె ఫస్టియర్‌కు ఫిజిక్స్ చెప్పేది, నేను లెక్కలు. మొదటి సంవత్సరం దాటాక పిల్లలకు మాతో పని ఉండదు. పెళ్లయిపోయాక పందిరి వేసినవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? మా పరిస్థితి అదే.

ఆమె తూంకుంటలో కాలేజీ బస్సు ఎక్కేది. నేను మేడ్చల్ డిపో దగ్గర ఎక్కేసరికి డ్రైవర్ వెనక సీట్లో, ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చుని ఉండేది. అందులో పాలో, పెరుగు తోడో ఉండేది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డబ్బాను ఒళ్లోంచి కాస్త పైకి లేపేది. డ్రైవర్ మీద అరిచేది కూడా. "జర మెల్లగ పోనీ నాయినా, నీ వెనక మనుషులు కాదు, పాలున్నయి" అనేది.

మెత్తని పదార్థాల భౌతికశాస్త్రం ఆమె చదువు. పెరుగు, జిగురు, నురగ, మన ఒంట్లోని ప్రోటీన్లు, అటు రాయీ కాకుండా ఇటు నీళ్లూ కాకుండా మధ్యలో ఉండేవన్నీ అందులోకి వస్తాయట. ఎక్కడికి వెళ్లినా ఆమె కళ్లు వాటి మీదే. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ పిండి గరిటె మీద నుంచి జారడం చూస్తూ ఆర్డరు ఇవ్వడం మరిచిపోయేది. బెండకాయ కూర వండుకొస్తే ఒక ముక్క తీసి, రెండు వేళ్ల మధ్య జిగురు సాగదీసి, అది తెగేదాకా ఊపిరి బిగబట్టేది. క్యాంటీన్లో పెరుగు కప్పు వస్తే తినేముందు తప్పకుండా ఒక పక్కకి వంచి, అంచు దగ్గర అది ఎప్పుడు కదులుతుందా అని చూసేది. ఒకసారి ప్రిన్సిపాల్ పుట్టినరోజు కేకు పక్కన జెల్లీ పెట్టారు. అందరూ పాట పాడి చప్పట్లు కొడుతుంటే, ఈవిడ స్పూనుతో జెల్లీని ఒక్క తట్టు తట్టి, అది ఊగడం పూర్తిగా ఆగేదాకా, చేతిలో కత్తితో ఉన్న ప్రిన్సిపాల్‌ను కేకు కోయనివ్వకుండా నిలబెట్టింది.

"టూత్‌పేస్టు బ్రష్షు మీద నిలబడుతది. నొక్కితే పారుతది. గట్టిదా, నీళ్లదా? చెప్పు తమ్మీ" అని నన్నడిగేది. నేను ఏది చెప్పినా తప్పే. "గట్టిదా నీళ్లదా అని అడుగుడే తప్పు. ఎంతసేపు చూస్తవో చెప్పు, ఎంత గట్టిగ ముట్టుకుంటవో చెప్పు, అప్పుడు చెప్త."

క్లాసులో ఒకసారి ఆమె పచ్చి గుడ్డు ఒకటి, ఉడికిన గుడ్డు ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నేను పక్క గదిలో ఉన్నాను, ఆమె గొంతుకి గోడలు అడ్డం కాదు. "నెయ్యి వేడి చేస్తే కరుగుతది. గుడ్డు వేడి చేస్తే గట్టిపడుతది. ఎందుకురా? దాంట్ల ఉన్న ప్రోటీను ఒక్కొక్కటి మడతపెట్టుకున్న పొడుగు దారం. వేడికి మడత ఊడుతది. ఊడిన దారం పక్కదానితోని చిక్కు పడుతది. ఇగ ఆ చిక్కు విడదు." వెనక బెంచీ నుంచి ఎవడో లేచి, "మేడం, గిది సిలబస్‌ల ఉందా?" అన్నాడు. "సిలబస్‌ల లేదురా. నీ పెయ్యిల, నీ ఒంట్ల ఉంది. కూసో" అంది.

ఆమె అసలు పని మాత్రం పాల మీద. బస్సులో వెళ్తూ నాకు ఎన్నోసార్లు చెప్పింది. "పాలల్ల ప్రోటీన్ ఉండలు తేలుతుంటయి, కంటికి కానరావు. ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటయి, అందుకే పాలు పాల లెక్కనే ఉంటయి. పులుపు పుట్టంగనే ఆ నెట్టుకునుడు పోతది. అంటుకుంటయి, వల కడతయి. నీళ్లన్నీ ఆ వలల ఆగిపోతయి. పెరుగంటే ఏంది? వలల ఆగిన నీళ్లు, అంతే."

"ఇదంతా ఎప్పుడో కనుక్కున్నదే కదా మేడం?" అన్నాను.

"కనుక్కున్నరు. వల అంతట ఒక్కపారే కడతదా, ఆడొకటి ఈడొకటి కట్టి తర్వాత కలుస్తయా? బర్రె పాలల్ల అది ఎవరు చూసిన్రు? మనమే చూడాలె, మన ఇంట్ల తోడేసేది మనం."

ఆమె చూసే పద్ధతి ఇది. ధూళికన్నా సన్నని ప్లాస్టిక్ పూసలు పాలలో కలిపి, ఒక చుక్క గాజు పలకల మధ్య మూసి, మైక్రోస్కోపు కింద పెట్టేది. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తోస్తుంటే పూసలు అటూ ఇటూ వణుకుతుంటాయి. పాలు తోడుకునేకొద్దీ వణుకు తగ్గుతుంది. ఎక్కడి పూస ఎప్పుడు ఆగిందో చూస్తే వల ఎక్కడెక్కడ కట్టిందో తెలుస్తుంది. నన్ను ఒకసారి చూడనిచ్చింది. పొద్దున వణుకుతూ కనబడిన చుక్కలు మధ్యాహ్నానికి కొన్ని ఆగిపోయి ఉన్నాయి, వాటి పక్కనే మరికొన్ని ఇంకా కదులుతున్నాయి. "సూసినవా! ఆడొకటి ఈడొకటే!" అని నా వీపు మీద చరిచింది. అంత సంబరం ఆమె ముఖంలో నేను చూసింది అప్పుడే.

ఆ మైక్రోస్కోపు కూడా కాలేజీ కొన్నది కాదు. ఆమె పీహెచ్‌డీ చేసిన చోట పాతదని తీసేస్తుంటే అడిగి తెచ్చుకుంది. కాలేజీ ఇచ్చింది మెట్ల పక్కన ఒక చిన్న గది. హైవే మీద లారీ పోతే ఆ గది కిటికీలు మోగేవి. ఆమె ఏం చేసిందంటే, స్కూటరు ట్యూబుల్లో గాలి నింపి కింద పరిచి, వాటి మీద కడప బండ ఎక్కించి, ఆ బండ మీద మైక్రోస్కోపు పెట్టింది. లారీల అదురు ట్యూబుల దగ్గరే ఆగిపోయేది. ప్రతి సోమవారం చీర కొంగు నడుముకు దోపుకుని సైకిలు పంపుతో గాలి కొట్టేది. పాలు తోడుకునేటప్పుడు గదిలో తాను కూడా ఉండేది కాదు. కెమెరా నడుస్తుంటే తలుపు మూసి బయటికి వచ్చేసేది. "నా అడుగులకు కూడ కదులుతయి" అనేది. తలుపు మీద ఎర్ర సిరాతో ఒక్క మాట రాసి అంటించింది: కదపొద్దు.

అటెండర్ యాదగిరికి ఆ గదంటే భయం. ఊడవడానికి తలుపు తెరిచాడని ఆమె ఒకసారి వాణ్ణి కారిడార్ అంతా వినబడేలా తిట్టింది. అయినా ప్రతి దసరాకు ఆయుధపూజ నాడు వాణ్ణి తనే పిలిచేది. మెషీన్లకు బొట్టు పెట్టకపోతే వాడి మనసు ఒప్పదని ఆమెకు తెలుసు. పక్కన నిలబడి, "బండకు పెట్టు యాదగిరి, కంటికి పెట్టకు" అని మైక్రోస్కోపు లెన్సు చూపించేది. వాడు బండ అంచున పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వెళ్లేవాడు. ఇద్దరికీ ఏ పేచీ లేదు.

ఆమె రాసిన పరిశోధన పత్రాన్ని ఒక విదేశీ పత్రిక వాళ్లు దాదాపు ఒప్పుకున్నారు. అదే పరికరం మీద, అదే పద్ధతిలో ఇంకొక్కసారి చేసి చూపించమన్నారు, గడువు ఇచ్చారు. ఆ పత్రం వస్తే సిటీలో ఒక పరిశోధనశాల వాళ్లు ఆమెను చేర్చుకుంటామన్నారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషికి ఆ అవకాశం ఇంకోసారి రాదు. "ఒక్కపారి తమ్మీ. ఒక్కపారి ఎవ్వలు ముట్టకుంటే చాలు" అంది. దసరా సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉంటుందని అప్పటిదాకా ఆగింది.

ఆ దసరాకు కాలేజీ గుర్తింపు కోసం జరిగే ఇన్‌స్పెక్షన్ దగ్గర పడింది. మా చైర్మన్ గారిది శామీర్‌పేట పక్క భూములున్న కుటుంబం. ఆ భూములే ఆయనకు లేఅవుట్లయ్యాయి, కాలేజీ అయ్యాయి, పార్టీలో పదవి అయ్యాయి. అన్ని ల్యాబుల్లోనూ ఆయుధపూజ చేసి ఫోటోలు పెట్టాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆ ఆయుధపూజ నాడు ఆమె పొద్దున్నే వచ్చి, పాలు తోడుపెట్టి, కెమెరా నడిపించి, తాళం వేసి ఇంటికి వెళ్లింది. ఇంకో తాళంచెవి ఆఫీసులో ఉండేది.

మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. "తమ్మీ, గ్రూపుల ఫోటో చూసినవా?"

చూశాను. ఆమె గదే. కడప బండను ట్యూబుల మీద నుంచి దించి, వెలుతురు కోసం గది మధ్యలోకి లాగారు. మైక్రోస్కోపుకు బంతిపూల దండ వేశారు. పక్కన కొట్టిన కొబ్బరికాయ. చైర్మన్ గారు చేతులు జోడించి కెమెరా వైపు నవ్వుతున్నారు. ఆయన భుజం వెనక తెరిచిన తలుపు మీద ఎర్ర అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. మైక్రోస్కోపు కింద ఉండే కటకానికి, ఆమె కన్ను అనే దానికి, పసుపు పూసి కుంకుమ పెట్టారు. ఫోటోలో బాగా పడుతుందని ఎవరో చెప్పి ఉంటారు.

నేను బండి మీద వెళ్లేసరికి ఆమె ఆటోలో వచ్చి గదిలో ఉంది. గాజు పలకలు విడిపోయి, పాల చుక్క కొబ్బరినీళ్లలో కొట్టుకుపోయింది. యాదగిరి మూల నిలబడ్డాడు. మేడం చూస్తే బాధపడుతుందని, ఆమె వచ్చేలోపే వాడు ఆ కటకాన్ని విప్పి, తన తెలివికొద్దీ శుభ్రం చేసి పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని కిటికీ వెలుగుకు పట్టి చూసింది.

"ఏం పెట్టి తోమినవ్ యాదగిరి?"

"ఇత్తడి బిందెలు తోమే పొడి మేడం. కొబ్బరి పీచుతోని తోమిన. మరక పోలేదా ఏంది? మంచిగ మెరుస్తలేదా?"

నేను వాడికి పడబోయే తిట్ల కోసం ఎదురు చూశాను. ఆమె అద్దాన్ని వేలితో ఒకసారి తడిమింది. దాని నిండా గీతలు. "మెరుస్తాంది యాదగిరి. ఇంటికి పో, పండుగ గద" అంది. ఆమె వాణ్ణి తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

సెలవుల తర్వాత చైర్మన్ గారి గదికి నన్ను తోడు రమ్మంది. ఆయన టీ తెప్పించారు. అంతా విన్నారు.

"గింత అద్దానికి గింత పరేషానా మేడం? కొత్తది కొందాం, ఏముంది?"

"ఆ మోడల్ ఇప్పుడు వస్తలేదు సార్. యాడనన్న దొరకవట్టాలె. దొరికినా గడువు దాటుతది. అదే పరికరం మీద చేసి చూపియ్యాలె."

"ఫస్టియర్ పిల్లలకు చెప్పేటందుకు గవన్నీ ఎందుకు చెప్పున్రి?"

ఆయన టీ తాగి, కప్పు పక్కన పెట్టి, చాలా మెత్తగా అన్నారు. "ఒక మాట అడుగుత, ఏమనుకోకున్రి. అసలు పూజంటేనే మీకు గిట్టదేమో?"

గదిలో ప్రిన్సిపాల్ ఉన్నాడు, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గారున్నారు. అందరూ ఆమె ముఖంలోకి చూశారు. ఇంతసేపూ ఆమె చెప్పినదంతా ఆ ఒక్క ప్రశ్నతో ఇంకో సంగతి అయిపోయింది. ఆమె ఏది చెప్పినా ఇక దానికే జవాబు.

"నాకు పూజతోని పంచాది లేదు సార్" అంది ఆమె. "పసుపుతోని ఉంది." లేచి వచ్చేసింది. ఆమె తాగని టీ అక్కడే ఉండిపోయింది. చైర్మన్ గారు ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "చూసిన్రా?" అన్నారు. ఆ చూసిన్రా అన్న మాట సాయంత్రానికి కాలేజీ అంతా తిరిగింది. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు, మేడంకు పూజలు పడవట అన్నది మాత్రం అందరికీ తెలిసింది.

కొత్త కటకం కొనే కాగితం కమిటీలో కూర్చుంది. పత్రిక వాళ్లు ఒకసారి గడువు పెంచారు, తర్వాత ఊరుకున్నారు. సిటీ వాళ్లు ఇంకెవరినో తీసుకున్నారు. ఇన్‌స్పెక్షన్‌లో ఆ దసరా ఫోటోకి మంచి పేరే వచ్చిందట, పరిశోధనకు కాలేజీ ఎంత విలువ ఇస్తుందో చెప్పడానికి పెద్ద సైజులో వేసి చూపించారు. తర్వాత ఆ గదిని పిల్లలు వ్యాపారాలు నేర్చుకునే సెంటర్ చేసి, కూర్చోవడానికి రంగురంగుల మెత్తని సంచులు తెచ్చి వేశారు. మైక్రోస్కోపు మెట్ల కిందకి పోయింది. కడప బండను క్యాంటీన్ బయట తాగే నీళ్ల ఫిల్టరు కింద వేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ వందల మంది దాని మీద నీళ్లు కారబోస్తారు.

ఆమె ఉద్యోగం మానలేదు. క్లాసులు చెప్పింది, పేపర్లు దిద్దింది. బస్సులో ఒళ్లో డబ్బా లేదు. డ్రైవర్ ఎంత వేగంగా పోయినా ఏమీ అనేది కాదు. ఒకరోజు క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని పెరుగన్నం కలుపుకుంది. కప్పును వంచి చూడలేదు. నేరుగా అన్నంలోకి బోర్లించి, కలిపి, తిని, చెయ్యి కడుక్కుంది. ఆ రోజు నాకు వచ్చినంత కోపం తర్వాత ఆమె చావు కబురు విన్నప్పుడు కూడా రాలేదు.

శామీర్‌పేటలో సమాధి కార్యక్రమానికి కాలేజీ నుంచి నేనూ యాదగిరీ వెళ్లాం. మిగతా వాళ్లకు ల్యాబ్ పరీక్షలున్నాయి. ప్రార్థన అయ్యాక ఆమె తమ్ముడు నా దగ్గరికి వచ్చి, "సార్, మా అక్క ఆడ ఏం పని చేస్తుండె? ఎన్నడడిగినా, పాలు తోడుకుంటున్నయ్, అయినంక చెప్త అంటుండె" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ప్రోటీన్ల దగ్గరికి వచ్చేసరికి ఆపేసి, అతని చెయ్యి పట్టుకున్నాను. యాదగిరి దూరంగా గోడకు ఆనుకుని, తన అరచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

మరునాడు సంతాప సభ. తెర మీద ఆమె ఫోటో కోసం వెతికారట, విడిగా తీసింది దొరకలేదట. ఆ దసరా ఫోటోనే వేశారు. దండ వేసిన మైక్రోస్కోపు, పక్కన చేతులు జోడించిన చైర్మన్ గారు. సంతాప సభకు ఆ జోడించిన చేతులు సరిగ్గా సరిపోయాయి. ఆమె ఆ ఫోటోలో లేనే లేదు. చైర్మన్ గారు మైకు ముందు నిలబడి, మేడం పరిశోధనకు తమ కాలేజీ అన్ని విధాలా అండగా నిలిచిందన్నారు. చప్పట్లు కొట్టబోయి ఎక్కడున్నారో గుర్తొచ్చి ఆపుకున్నవాళ్లను చూశాను.

ప్రిన్సిపాల్ మైకు అందుకున్నాడు. "మేడం ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. దయచేసి ఎవ్వరూ కదలకండి."

హాలంతా లేచి నిలబడింది. బయట హైవే మీద లారీ ఒకటి పోయింది. వేదిక మీద గ్లాసులో నీళ్లు వణికి, ఆగాయి. ఇంతమంది మనుషులు ఒక్క చోట కదలకుండా నిలబడగలరని నాకు అంతవరకూ తెలియదు. ఆమె అడిగినప్పుడు ఒక్క గదిని కదపకుండా ఉంచడం ఎవరికీ చేతకాలేదు.

చైర్మన్ గారు గడియారం చూసుకున్నారు. "థాంక్యూ. కూర్చోండి" అన్నాడు ప్రిన్సిపాల్. నిమిషం కూడా అయ్యుండదు. కుర్చీలు చప్పుడు చేశాయి, ఫోన్లు బయటికి వచ్చాయి. వెనక తలుపు దగ్గర యాదగిరి ఒక్కడే చేతులు కిందికి వదిలి అలాగే నిలబడి ఉన్నాడు.

"యాదగిరీ, అయిపోయింది. కూసో" అన్నాడు ప్రిన్సిపాల్ మైకులోనే.

"ఇంక కాలే సార్."

"ఏంది?"

"రెండు నిమిషాలు ఇంక కాలే. ఎవ్వలు కదలొద్దన్నరు గద."

ముందు వరసలో ఎవరో నవ్వారు. చైర్మన్ గారు మైకు తీసుకుని, ఎలాగూ అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి అంటూ, ఇంటర్నల్ మార్కుల సంగతి మొదలుపెట్టారు. యాదగిరి కదల్లేదు.